వీసా కోసం పొలిమేర దాటిన పెండ్లికొడుకు

దొంగలు లేని పోలీసు పని

నా సర్వీసు మొత్తంలో నేను ఒక్క దొంగను కూడా పట్టలేదు. ఈ మాట తల దించుకుని చెప్పడం లేదు, మీసం మెలేసి చెబుతున్నాను. కర్నూలు జిల్లా పోలీసు ఆఫీసులో ఫారినర్ల సెక్షన్ చూసే హెడ్డు కానిస్టేబుల్‌ను నేను. పరాయి దేశపు పాస్‌పోర్టుతో జిల్లాలో ఎవరు అడుగు పెట్టినా నా దగ్గరికి వచ్చి పేరు రాయించుకోవాలి. వీసా గడువు ముగిసేలోగా వెళ్లిపోవాలి. వెళ్లకపోతే నేను వాళ్ల వెంట పడాలి. పైకి చూస్తే ఇంతే పని.

తోటి హెడ్డులకు నేనొక నవ్వులాట. "ఏమప్పా, మన జిల్లాలో దొరలు యాడుండారు? పొద్దంతా ఈగలు తోలుకుంటాండావా?" అని ఎదురుపడినప్పుడల్లా గిల్లేవాళ్లు. అననీ! వాళ్లకు సంత దొంగలు, సారా కేసులు. నాకు మాత్రం పొద్దున లేస్తే ఏ దేశం మనిషి గుమ్మంలో నిలబడి ఉంటాడో అని గుండె ఎగిరిపడేది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఊరంతా డేరాలు. నా సెక్షన్‌కూ ఒక డేరాలో మూల దక్కింది. గాలి లేస్తే ఒక చేత్తో గుంజ పట్టుకుని ఇంకో చేత్తో రాసేవాణ్ని.

ఈ సెక్షన్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను రూల్స్ చెప్పమని అడుగుతుంటారు. రూల్స్ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండి నాయనా. మనుషులు ఆ రూల్స్‌ను ఎట్లా అర్థం చేసుకుంటారో పుస్తకంలో ఉండదు. అది చెబుతాను.

మహానందిలో సబ్బు

నా మొదటి డీఎస్పీకి తెల్లతోలు కనిపిస్తే చాలు, గూఢచారే. ఒక యూరపు ఆయన మహానంది చూడటానికి వచ్చి కోనేటి నీళ్లలో ఏదో మందు కలుపుతున్నాడని కబురు వచ్చింది. డీఎస్పీ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "పో! మనిషిని, మందును, రెండింటినీ పట్టుకురా!" నేను జీపులో ఎగురుకుంటూ పోయాను. చూస్తే ఏముంది? ఆ మహానుభావుడు గట్టున కూర్చుని సబ్బు రుద్దుకుంటున్నాడు. నురగ చూసి యాత్రికులు బెదిరిపోయారు. కోనేట్లో సబ్బు వాడకూడదని చేతులతో సైగ చేసి చెప్పాను. ఆయన పాపం లెంపలు వేసుకున్నాడు. అది కూడా ఎవరో యాత్రికుణ్ని చూసి అప్పుడే నేర్చుకున్నట్టుంది.

సబ్బు తెచ్చి డీఎస్పీ గారి బల్ల మీద పెట్టాను. వాసన చూసి, దాన్ని పరీక్షకు పంపమన్నారు! ఆయన బదిలీ అయ్యే వరకు నేను నేర్చుకున్న పని ఏమీ లేదు, బూట్లు అరగదీసుకోవడం తప్ప. అనుమానం ఉన్న అధికారి చురుకైనవాడని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అంత సోమరి ఇంకొకడు లేడు. ఎదుటి మనిషి సంగతి కనుక్కునే శ్రమ లేకుండా అందరినీ ఒక గాటన కట్టేస్తాడు.

తర్వాత వచ్చిన డీఎస్పీ గారు వేరే మనిషి. ముక్కుపొడుం పీల్చుకుంటూ అంతా వినేవారు. విన్నాక, "చట్టం ఏమంటుందో చెప్పావు. ఇప్పుడు ఆ చట్టం లోపలే దారి వెతుకు" అనేవారు. దారి దొరక్క వెనక్కు వస్తే మళ్లీ వెతకమనేవారు. నేను చెప్పబోయే కేసులో నాకు దన్నుగా నిలబడింది ఆయనే.

సిలోను కొండన్న

ఒక రోజు డేరా ముందు తెల్లని చొక్కా, గళ్ల లుంగీతో ఒక మనిషి చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతిలో సిలోను పాస్‌పోర్టు. నోరు తెరిస్తే అచ్చం మా పడమటి కర్నూలు మాట. నాకు మతి పోయింది.

పేరు కొండన్న. అమ్మానాన్నలు పోతే చిన్నప్పుడే మేనమామ కొలంబో తీసుకెళ్లాడు. అక్కడ చీరల అంగడి పెట్టుకుని, అంగడి నిలబెట్టుకోవడానికి ఆ దేశపు పౌరుడయ్యాడు. నలభైకి దగ్గర పడుతున్నా పెండ్లి లేదు. పుట్టిన ఊరు కోడుమూరు ఒకసారి చూసి పోదామని టూరిస్టు వీసా మీద వచ్చాడు.

"చూసి పోతావా, చీరలు కొని పోతావా?" అని ఆట పట్టించాను.

"రెండూ సార్," అని నవ్వాడు.

మూడోది జరిగింది. కోడుమూరులో రంగప్ప అనే మగ్గం మనిషి ఇంటికి చీరలు చూడటానికి పోయి, ఆ చీరలు నేసే పిల్లను చూశాడు. లక్ష్మీదేవి రంగప్ప కూతురు. ముప్పై దాటింది. ఆమెకు వెనుక ఒకసారి పెండ్లి కుదిరింది. ఆ పెండ్లికొడుకు తాను పనిచేసే షోలాపూరు మిల్లులో చెప్పి వస్తానని పోయి, పందిరి వేసిన రోజుకు కూడా రాలేదు. వండిన అన్నం ఊరికి పంచిపెట్టి పందిరి విప్పారు. ఆ తర్వాత ఆమె వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఆ పిల్ల కాళ్లు దించి నేసే మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది, అంతే. అట్లాంటి ఇంటికి కొండన్న పోయి, తానే నోరు తెరిచి పిల్లను అడిగాడు.

వైశాఖ పున్నమి దాటాక ముహూర్తం దొరికింది. ఆ తర్వాత మూఢం, నెలల తరబడి పెండ్లిళ్లు లేవు. చిక్కేమిటంటే కొండన్న వీసా ముహూర్తానికి ముందే అయిపోతుంది. గడువు పెంచమని నేనే పైకి రాశాను. ఇక్కడ పెంచరట. గడువు లోపల దేశం బయటికి వెళ్లి, కొలంబోలోని మన ఆఫీసులో కొత్త వీసా వేయించుకుని మళ్లీ రావచ్చని జవాబు వచ్చింది. రంగప్పను పిలిపించి, అల్లుడు దేశం దాటి కొత్త వీసాతో రావాలని చెప్పాను. ఆయన బుర్ర ఊపి వెళ్లిపోయాడు.

ఏటి అవతల

కొన్నాళ్లకు రంగప్ప చంకలో తాంబూలం సంచి పెట్టుకుని, మొహం చాటంత చేసుకుని వచ్చాడు. వెంట కొడుకు మద్దిలేటి.

"సారూ, దేశం దాటించి తెచ్చినాం! ఇంగ ముద్ర కొట్టేది మీదే."

"అప్పుడే కొలంబో పోయి వచ్చినాడా?" అన్నాను, నోరు వెళ్లబెట్టి.

"కొలంబో ఏమిటికి సారూ? నిజాం దేశం ఏటి అవతలనే ఉండాది గదా! పుట్టి ఎక్కి ఏరు దాటినాం. ఆలంపూరులో దేవుని చూసుకున్యాం. రాత్రికి ఆడనే పండుకోని తెల్లారి ఈ గట్టుకు వచ్చినాం. ఇదో, సుంకపోళ్లు ఇచ్చిన చీటీ గూడ ఉండాది."

నేను పకపకా నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే తండ్రీకొడుకులిద్దరూ నన్ను వింతగా చూస్తున్నారు. వాళ్లు తమాషాకు చెప్పడం లేదు. వాళ్లను తప్పు పట్టడానికి ఏముంది? రంగప్ప పుట్టినప్పటి నుంచి తుంగభద్ర అవతలి గట్టు వేరే రాజ్యమే. వేరే రూపాయి, వేరే స్టాంపు, వేరే దొర. సరుకు తీసుకుపోతే సుంకం. కర్నూలు మనిషిని నిద్రలో లేపి పరాయి దేశం ఏదంటే ఏటి వైపు చెయ్యి చూపిస్తాడు. చిన్నప్పుడే వెళ్లిపోయిన కొండన్నకు కూడా అదే గుర్తు. చెప్పినవాడు దేశం అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఏ రైలు ఎక్కాలి, ఏ పడవ దిగాలి, అక్కడిదాకా చెప్పాలి. ఈ ఒక్క సంగతి మాత్రం రాసి పెట్టుకోండి.

"నిజాం రాజ్యం మన దేశంలో కలిసి ఏండ్లయింది రంగప్పా. అది లెక్కకు రాదు," అన్నాను.

"కలిసిపోతే మల్ల సుంకం ఏమిటికి తీసుకున్యారు సారూ?"

నేను ఆ సుంకం చీటీని అటూ ఇటూ తిప్పి చూసి ఆయన చేతికే ఇచ్చేశాను.

రంగప్ప కింద కూలబడ్డాడు. "కంకణం కట్టేసినాం సారూ," అన్నాడు.

కంకణం కట్టిన చేయి

ఇక్కడ మా ప్రాంతం పట్టింపు ఒకటి చెప్పాలి. నలుగు పెట్టి, పెండ్లికొడుకును చేసి, చేతికి కంకణం కట్టాక ఆ మనిషి పెండ్లి అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. మామూలుగా ముహూర్తం దగ్గర పడ్డాకే కంకణం కడతారు. ఈ ఇంట్లో మాత్రం లక్ష్మీదేవి వాళ్ల అవ్వ ఆగలేదు. షోలాపూరు వాడి దెబ్బ తిన్న ముసలామె. ఏరు దాటి వచ్చిన మర్నాడే కంకణం కట్టించింది, వీడు యాడికీ పోకుండా.

అంటే ఇటు నా చట్టం దేశం దాటిపొమ్మంటుంది. అటు వాళ్ల ఆచారం ఊరు కూడా దాటవద్దంటుంది. నేను ఎగశ్వాస దిగశ్వాసగా డీఎస్పీ గారి దగ్గరికి పోయాను.

"గడువు దాటితే?" అన్నారాయన.

"నేనే పట్టుకోవాలి సార్. పంపించేస్తాం. మళ్లీ వీసా ఇవ్వరు."

పొడుం డబ్బా మూత పెట్టారు. "మరి ఇక్కడ నిలబడతావేం? కోడుమూరు పో."

బస్సు పట్టుకుని పోయాను. ఆ ఇంట్లో సందడి చూడాలి మీరు! కొండన్న పసుపు మొహంతో చాప మీద కూర్చున్నాడు. లక్ష్మీదేవి కూడా పసుపు పూసిన కాళ్లతోనే మగ్గం గుంతలో ఉంది. పెండ్లికూతురైనా మగ్గం ఆపదు ఆమె. పురోహితుడు ఒక పక్క పంచాంగం తిరగేస్తున్నాడు. నేను సంగతి చెప్పానో లేదో అవ్వ నా మీదికి లేచింది.

"పోయొస్తాడంట, పోయొస్తాడు! ఆ షోలాపూరోడు గూడ పోయొస్తా అనే పోయినాడప్పా! కంకణం కట్టినోన్ని పొలిమేర దాటించి నా మనవరాలి నోట్లో మన్ను కొడతావా?"

"అవ్వా, దాటకపోతే నేనే వచ్చి పట్టుకుపోవాలి."

"పట్టుకుపో! నన్ను గూడ పట్టుకుపో!"

కొండన్న నోరు తెరిచి, "నేను వస్తా అవ్వా, ఒట్టు," అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఒట్లు ఆ ఇంట్లో ముందే చెల్లిపోయాయి.

మగ్గం చప్పుడు ఆగింది. లక్ష్మీదేవి గుంతలోంచి పైకి వచ్చి చేతులు తుడుచుకుంది.

"సామీ," అంది పురోహితుణ్ని చూసి, "స్నాతకం అయినాక పెండ్లికొడుకు గొడుగు పట్టుకోని కాశీకి పోతా అని బయల్దేరడా? పిల్ల తమ్ముడు ఎదురుపోయి, బెల్లం పెట్టి, మా అక్కనిస్తాం రాప్పా అని పిల్చుకోని రాడా?"

"వస్తాడమ్మా. మీ ఇండ్లలో ఉన్నదే గదా."

"ఈయన కాశీకి బదులు కొలంబోకి పోతాడు. మద్దిలేటి ఎదురుపోతాడు. ఏం తప్పుండాది?"

పురోహితుడు పంచాంగం మూసి ఒడిలో పెట్టుకున్నాడు. ఒప్పుకో స్వామీ, ఒప్పుకో అని లోపల్లోపల మొక్కుతున్నాను.

"మామూలుగా వీధి చివరి దాకా పోయి వస్తాడు," అన్నాడాయన నిదానంగా. "ఇంకా దూరం పోకూడదని మాత్రం యాడా లేదు. యాత్రకు పోయేవాడికి పొలిమేర పట్టింపు లేదు తల్లీ. స్నాతకం ముందే జరిపిస్తా. పెండ్లి రామేశ్వరంలో పెట్టుకుందాం, పడవ దిగినాక."

"నేనూ వస్తా," అంది లక్ష్మీదేవి. "ఆ పడవ దిగే కాడ కూర్చుంటా."

"పెండ్లికూతురు ఎదురుపోతే ఊరు నవ్వదా?" అంది అవ్వ.

"పోయినసారి ఇంట్లోనే కూర్చున్యా గదవ్వా. అప్పుడు నవ్వలేదా ఊరు?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగే నడుముకు దోపి, "అయితే నేను గూడ వస్తా," అంది.

ధనుష్కోటి

"గడువు లోపల దేశం దాటినట్టు నీ కళ్లతో చూసి రా," అని డీఎస్పీ గారు నన్నే తోడు పంపించారు. ఎగిరి గంతేశాను. టీకా చీటీ లేకపోతే, సిలోను పోయేవాళ్లను పరీక్ష చేసే మండపం క్యాంపులో ఆపేస్తారని గుర్తు చేసిందీ ఆయనే. టీకా వేయించాం. కొండన్న చేయి వాచింది. ఒక చేతికి కంకణం, ఇంకో చేతికి వాపు. చంకలో కాశీయాత్ర గొడుగు. ఆ అవతారంతో రైలెక్కాడు.

డోన్, గుంతకల్లు, మద్రాసు, అక్కడి నుంచి సిలోను పడవను అందించే పడవ రైలు. పాంబన్ వంతెన మీదికి రైలు ఎక్కగానే మేమంతా కిటికీల మీద పడ్డాం. మాలో ఎవరూ సముద్రం చూసినవాళ్లు లేరు, కొండన్న తప్ప. ఏట్లో మోకాటి లోతు నీళ్లు వస్తే పండగ చేసుకునే ప్రాంతం మాది. అవ్వ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. మరుక్షణం కోపం వచ్చేసింది.

"ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని, మా పక్క ఒక్క వాన పంపలేదు సూడు దేవుడు!"

రైలు డబ్బా అంతా గొల్లున నవ్వింది. లక్ష్మీదేవి నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

ధనుష్కోటి రేవులో కొండన్న పడవ ఎక్కాడు. అక్కడి అధికారి పాస్‌పోర్టు మీద బయటికి పోయిన ముద్ర కొట్టాడు. నా ఉద్యోగం వరకు పని అయిపోయింది. నేను వెనక్కు తిరగవచ్చు. సెలవు పెట్టి ఉండిపోయాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? పెండ్లి చూడకుండా ఎట్లా పోయేది?

రోజూ సాయంత్రం సిలోను పడవ వస్తుంది. కొండన్న రావలసిన రోజు మేమంతా రేవులో వరుసగా నిలబడ్డాం. మద్దిలేటి చేతిలో బెల్లం పొట్లం. పడవ వచ్చింది. జనం దిగారు. సామాను దిగింది. కొండన్న దిగలేదు.

సత్రంలో ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదు. మర్నాటి పడవే ఆఖరు. ముహూర్తం ఆ మరుసటి తెల్లవారుజామున. అవ్వ గోడకు తిరిగి పడుకుంది. రంగప్ప నా వైపు చూడటం మానేశాడు. నిజం చెప్పాలంటే, కొండన్న రాడనే నేనూ అనుకున్నాను. పాస్‌పోర్టు చేతికిచ్చి, నేనే దగ్గరుండి వాణ్ని పడవ ఎక్కించానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఇసుక గాలి ఒకటే కొడుతోంది. లక్ష్మీదేవి రేవులో ఒక పెట్టె మీద కూర్చుంది. నేను మెల్లగా దగ్గరికి పోయాను.

"సత్రానికి పోమ్మా. వస్తే మేము పిలుచుకొస్తాం."

"పోను సారూ."

"రాకపోతే ఇక్కడ ఇంతమందిలో..."

"రాకపోతే, రాలేదని నా కండ్లతో చూసుకోని పోతా. పోయినసారి ఎవురో వచ్చి చెప్పినారు. పందిట్లో కూర్చోని ఇన్యా. ఇంగ అట్ల ఇనేది లేదు."

నేను ఆమె పక్కనే ఇసుకలో కూర్చున్నాను.

పడవ కనిపించింది. దగ్గరికి వచ్చింది. జనం దిగుతున్నారు. దొరలు దిగారు. తేయాకు తోటల కూలీలు మూటలతో దిగారు. ఇంక ఎవరూ లేరనుకునేసరికి గొడుగు కనిపించింది! మద్దిలేటి వేసిన కేకకు రేవంతా తిరిగి చూసింది. "బావా!" అని అరుచుకుంటూ బెల్లం పొట్లంతో దూసుకుపోతుంటే, కట్టిన తాడు దగ్గర జవాను ఆపేశాడు. తనిఖీ అయ్యేదాకా అవతలివాళ్లు ఇవతలికి రాకూడదు, ఇవతలివాళ్లు అవతలికి పోకూడదు. ఆ రూలు నాకు తెలియనిదా? అయినా ఆ జవాను మీద పండ్లు నూరాను.

కొండన్న అక్కడి నుంచే గొంతు చించుకున్నాడు. "పున్నమి పండగ మరిసేపోయినా! ఆఫీసు మూసినారు! తెరిచేదాకా గడప మీదనే కూర్చున్యా!"

మనం పెండ్లిళ్లు పెట్టుకునే వైశాఖ పున్నమి అక్కడ బుద్ధుడి పండగని, కచేరీలు మూస్తారని మాలో ఎవరికి తట్టింది? రంగప్ప అయితే చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు.

తాడుకు ఆ పక్క బల్ల వెనక తమిళ అధికారి పాస్‌పోర్టు తిప్పి చూశాడు. టూరిస్టు వీసా. మనిషి చేతికి కంకణం. కనుబొమలు ఎగరేశాడు. ఎందుకైనా మంచిదని సెలవులో కూడా వేసుకున్న యూనిఫాం చూపించి బల్ల దగ్గరికి పోయాను, మాట అటూ ఇటూ చెప్పడానికి.

"ఎన్నాళ్లు ఉంటావు?" అని అడిగాడు అధికారి. రోజూ అందరినీ అడిగే ప్రశ్న.

సముద్రం దాటి వచ్చిన కొండన్న, తాడు అవతల నిలబడిన లక్ష్మీదేవిని చూసి ఊరికే నిలబడిపోయాడు. కండ్లలో నీళ్లు. అధికారి విసుగ్గా మళ్లీ అడిగాడు. నేను అదే మాట తెలుగులో గట్టిగా చెప్పాను.

లక్ష్మీదేవి తాడును రెండు చేతులా పట్టుకుంది.

"చచ్చేదాకా అని రాసుకోమనండి సారూ."

నాకు వచ్చిన తమిళంలో ఆ మాట అట్లాగే ఆయనకు చెప్పాను. అధికారి కలం ఆగింది. ఆమెను చూశాడు, కొండన్నను చూశాడు. కుర్చీలోంచి లేచి నిలబడి ముద్ర కొట్టాడు. గడువు గడిలో ఏం రాశాడో నేను చూడలేదు. నా సర్వీసులో చదవకుండా వదిలిన ముద్ర అదొక్కటే. యూనిఫాంలో, అంతమంది ముందర, భోరున ఏడుస్తున్నాను నేను.